ఆ ఇంజన్ మాది కాదండి

పోయిన వస్తువు దొరికిందని పోలీసులే ఇంటికొచ్చి చెబితే ఆ ఇంటివాళ్ళు సంతోషిస్తారని మీరు అనుకుంటారు. కొత్తగా ఎస్సై అయిన ప్రతివాడూ అలాగే అనుకుంటాడు. నేనూ అనుకున్నాను. ఆ నమ్మకం ఎలా పోయిందో చెబుతాను, వినండి. ఇది చదివి మీరు ఉద్యోగం మానుకోవాలని కాదు. ట్రైనింగులో పరేడ్ నేర్పుతారు, సెక్షన్లు బట్టీ పట్టిస్తారు, తుపాకీ విప్పి తుడిచి మళ్ళీ బిగించడం నేర్పుతారు. జనం స్టేషన్ మెట్లెక్కడానికి ఎందుకు జంకుతారో మాత్రం ఎవరూ చెప్పరు. అది మనంతట మనమే తెలుసుకోవాలి. తెలిసేసరికి సగం సర్వీసు అయిపోతుంది.

మాది కొలకలూరు. మా నాన్న మిషన్ బడిలో పంతులు. నేను ఎస్సైగా ఎంపికైనప్పుడు మా చర్చిలో ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. ప్రార్థన అయ్యాక, పెద్దమ్మ వరసయ్యే ఒకావిడ నన్ను పక్కకు పిలిచి, "మంచి ఉద్యోగం నాయనా, ఇంక మీ ఇంట్లో దేనికీ కొదవుండదు" అంది. జీతం ఎంత అని ఆవిడ అడగలేదు. మా నాన్నకు మాత్రం ఆ మాట వినబడింది. ఇంటికొచ్చాక కండువా తీసి కొయ్యకు తగిలిస్తూ, "ఎవరినీ 'ఒరేయ్' అనకు. మిగతావి నీకే తెలుస్తాయి" అన్నాడు. ఆయన నాకిచ్చిన సలహా అంతే.

మొదటి పాఠం తెనాలిలోనే అయింది. ప్రొబేషన్‌లో ఉండగా ఒక పొద్దున హోటల్‌కెళ్ళి ఇడ్లీ తిని, కాఫీ తాగి, గల్లా పెట్టె దగ్గరికెళ్ళి డబ్బు ఇవ్వబోయాను. అక్కడ కూర్చున్న యజమాని లేచి నిలబడ్డాడు. "ఏంటి సార్, ఏం జరిగింది సార్?" అన్నాడు. ఏమీ జరగలేదు, తిన్నదానికి డబ్బిస్తున్నాను అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. వద్దంటాడు, నేను ఇస్తానంటాను. చివరికి డబ్బు బల్ల మీద పెట్టి వచ్చేశాను. సాయంత్రానికి ఆయన మా స్టేషన్‌కొచ్చి, నాకంటే పెద్దవాళ్ళను కలిసి, తనవల్ల ఏం తప్పు జరిగిందో, కొత్త సార్‌కి కోపం ఎందుకొచ్చిందో కనుక్కున్నాడట. పోలీసు డబ్బిచ్చాడంటే హోటల్ మూయించడానికే వచ్చాడని ఆయన లెక్క. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ హోటల్‌కి మళ్ళీ వెళ్ళలేదు. నేను వెళితే పాపం ఆయనకు అన్నం సయించేది కాదు.

ఇక అసలు సంగతి. తొంభైల మొదట్లో నన్ను రేపల్లె అవతల, సముద్రం వైపు ఉన్న ఒక స్టేషన్‌కి వేశారు. ఆ స్టేషన్ పేరు చెప్పను. చెప్పినా పెద్ద తేడా లేదు, ఆ రోజుల్లో అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. పెంకుల కప్పు, ముందు వేపచెట్టు, దాని కింద తుప్పుపట్టిన సైకిళ్ళ గుట్ట. అవి దొరికిన దొంగ సైకిళ్ళు. ఎవరూ వచ్చి తీసుకుపోలేదు. ఎందుకు తీసుకుపోలేదని నేను మొదటి రోజే అడిగి ఉండాల్సింది కానీ, కొత్తవాణ్ణి, జనానికి బద్ధకమేమో అనుకున్నాను.

స్టేషన్‌లో ముఖ్యమైన మనిషి ఎస్సై కాదు, రైటర్. రైటర్ అంటే స్టేషన్ కాగితాలన్నీ రాసే హెడ్ కానిస్టేబుల్. మా రైటర్ నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద. ముత్యాల్లాంటి దస్తూరి. పంచనామా రాస్తే చదివినవాడికి ఆ చోటు కళ్ళముందు కనబడేది. మంచి మనిషి కూడా. ఇది వెటకారం కాదు, నిజంగానే మంచి మనిషి. ఒక కానిస్టేబుల్ భార్యకు పురుడు కష్టమైతే తనే జీపు వేయించుకుని గుంటూరు తీసుకెళ్ళాడు. అనాథ శవం దొరికితే దగ్గరుండి పూడ్పించేవాడు. అలాంటి మనిషి, స్టేషన్‌కి ఎవరు వచ్చినా తల ఎత్తకుండానే, "తెల్లకాగితాలు తెచ్చావా?" అనేవాడు.

ఫిర్యాదు రాయడానికి కాగితాలు ఫిర్యాదీయే తెచ్చుకోవాలి. కార్బన్ పేపరూ అతనే తేవాలి. ఇదేంటని నేను అడిగితే రైటర్ నొచ్చుకున్నాడు. "సార్, మనకొచ్చే కాగితాలు నెల మొదటి వారానికి చాలవండి. జీపుకి డీజిలు లేదు. శవాన్ని మోసేవాళ్ళకి కూలి ఎవరిస్తారండి? మీరిస్తారా, నేనిస్తానా? పని జరగాలి కదండీ" అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అక్కడే వస్తుంది చిక్కంతా. కాగితంతో మొదలవుతుంది. కాగితం తెచ్చినవాడు టీ తెస్తాడు. టీ తెచ్చినవాణ్ణి సిగరెట్లు అడగొచ్చు. ఆ తర్వాత అడిగేదానికి హద్దు ఎక్కడుందో అడిగేవాడికే తెలియదు. జీపు డీజిలు పేరు చెప్పి వసూలైన డబ్బుతో జీపు కదిలింది తక్కువ, ఇళ్ళ మీద మేడలు లేచింది ఎక్కువ. నా జేబులోంచి కొని ఒక కట్ట కాగితాలు రైటర్ బల్ల మీద పెట్టాను. "మీ ఇష్టం సార్" అన్నాడు. ఆ కట్ట ఎప్పుడు చూసినా అలాగే ఉండేది. కొత్తవాళ్ళను తెచ్చుకోమనడం మాత్రం ఆగలేదు. అలవాటు.

మా స్టేషన్ కిందవన్నీ కాలువ చివరి ఊళ్ళు. కాలువ నీళ్ళు పైవాళ్ళు వాడుకోగా మిగిలితే వస్తాయి, లేకపోతే లేదు. అందుకని రైతులు మురుగు డ్రైను గట్టు మీద ఆయిల్ ఇంజన్ పెట్టుకుని, ఆ నీళ్ళే చేలోకి తోడుకునేవారు. ఆ ఇంజనే వాళ్ళ ప్రాణం. ఆ ఏడు కోతల ముందు ఇంజన్లు మాయమవుతున్నాయని ఎక్కడో టీకొట్టు దగ్గర విన్నాను. స్టేషన్‌కి మాత్రం ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. మా లెక్కల ప్రకారం మా ఇలాకాలో దొంగతనాలే లేవు. సీఐ గారు మీటింగులో మెచ్చుకున్నారు కూడా.

ఒక సాయంత్రం కల్వర్టు దగ్గర వరిగడ్డి వేసుకెళుతున్న ట్రాక్టర్‌ని ఆపాం. గడ్డి కింద మూడు ఇంజన్లు. ఇద్దరు మనుషులు. వాళ్ళు చెప్పిన చోటికి వెళితే పాత ఇనుము కొట్టు వెనక పాకలో ఇంకో రెండు. ఎంత సంబరపడ్డానో! సొంతంగా పట్టుకున్న మొదటి కేసు. ఏ ఊళ్ళో ఎవరి గట్టు మీద నుంచి ఎత్తుకొచ్చారో దొంగలే పూస గుచ్చినట్టు చెప్పారు. ఇక వెళ్ళి రైతులతో "ఇది మాదే" అనిపిస్తే చాలు. ఇంజన్లు వాళ్ళకు, దొంగలు జైలుకు. అంత సులువు.

మొదటి ఊళ్ళో రైతు, "మా ఇంజన్ మా చుట్టాలు పట్టుకెళ్ళారండి, పోలేదు" అన్నాడు. రెండో ఊళ్ళో ఒకాయన అసలు ఇంట్లోనే లేడన్నారు. ఆయన పెరటి గోడ దూకడం నా కళ్ళతో చూశాను. ఇంకో ఇద్దరు, ఇంజన్లు పాతబడితే తామే ఇనుముకి అమ్మేశామని దేవుడి మీద ఒట్టేశారు. దొంగలు నిజం చెబుతున్నారు, పోగొట్టుకున్నవాళ్ళు అబద్ధం చెబుతున్నారు! ఇలాంటి కేసు ఏ పుస్తకంలో ఉంది?

చివరిగా మిగిలిన రైతు గురించే ఈ కథ. రెండెకరాల మనిషి. యాభై దాటిన వయసు. మేం వెళ్ళేసరికి భార్యాభర్తలిద్దరూ వాకిట్లో మినుములు చెరుగుతున్నారు. దొరికిన ఇంజన్లలో ఒకదాని డీజిలు ట్యాంకుకి చేత్తో వేసిన ఆకుపచ్చ రంగు ఉంది. వీళ్ళ వీధి తలుపుకి సరిగ్గా అదే రంగు. తలుపుకి వేయగా మిగిలింది ట్యాంకుకి వేశారని చూడగానే తెలుస్తోంది. ఆ తలుపుకి ఆనుకుని నిలబడి, "మాకు ఇంజనే లేదండి" అన్నాడాయన.

"లేకపోతే చేలోకి నీళ్ళెలా పెడుతున్నారండీ?" అన్నాను.

"ఎండిపోయిందండి చేను."

ఆ మాట అన్నప్పుడు మాత్రం గొంతు అబద్ధంలా లేదు. భార్య చాట పక్కన పెట్టి లేచింది. "ఎండిపోతే ఎండిపోయిందండి బాబూ, మేం ఎవరి మీదా చెప్పలేదు. మేం కంప్లైంట్ ఇవ్వలేదు. మా ఇంటికెందుకొచ్చారండీ?" అంది. ఇంజన్ దొంగ ఇల్లెతుక్కుంటూ వెళ్ళినా నాకు ఇంత ఎదురు ఉండేది కాదేమో. పైగా నేను 'మీరు, అండి' అంటుంటే వాళ్ళ భయం ఇంకా పెరిగింది. తిట్టే పోలీసు వాళ్ళకు తెలుసు, పని అయ్యాక వెళ్ళిపోతాడు. మర్యాదగా మాట్లాడే పోలీసు ఏం అడుగుతాడో తెలియదు.

నేను పట్టు వదల్లేదు. రెండోసారి మామూలు బట్టల్లో, ఒంటరిగా సైకిల్ మీద వెళ్ళాను. ఆరోజు మంచం వాల్చారు, మజ్జిగ ఇచ్చారు. మజ్జిగ తాగాక ఆయన కొంచెం నోరు విప్పాడు. బాపట్ల వైపు ఒక ఊళ్ళో ఆయన బావమరిది ఉన్నాడు. అతని సైకిల్ పోతే, కొన్నాళ్ళకు పోలీసులకు దొరికింది. వెళ్ళి నాదే అన్నాడు. నీదని రుజువేంటన్నారు. కొన్న రసీదు లేదు, పాత సైకిల్. అయితే నువ్వే దొంగసొత్తు కొన్నావని కూర్చోబెట్టారు. పొద్దున వెళ్ళిన మనిషి మర్నాడు బయటికొచ్చాడు, అదీ ఊరి పెద్దలు వెళ్ళి చేతులు తడిపాక. సైకిల్ ఇవ్వనేలేదు. ఆ తర్వాత ఏడాది పాటు ఆ చుట్టుపక్కల ఏది పోయినా ముందు అతన్నే పిలిచేవారట.

"అందుకేనండి. పోతే పోయిందనుకుంటాం. ఇంజన్ పోతే ఒక్కసారే నష్టం కదండీ" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు. కానీ ఎవరి మీదని చెప్పను? ఆ సైకిల్ సంగతి చూసిన పోలీసులెవరో నాకు తెలియదు. అయినా ఆ మంచం మీద వాళ్ళ బదులు నేను కూర్చుని ఉన్నాను. "నా స్టేషన్‌లో అలా జరగదండి. మా నాన్న పంతులు. ఆయన మీద ఒట్టేసి చెబుతున్నాను. ఉదయం వచ్చి, ఇంజన్ చూసి, నాదేనని సంతకం పెట్టండి. మధ్యాహ్నం బస్సుకి ఇంటికొచ్చేయండి. కోర్టుకి నేనే దరఖాస్తు పెట్టించి, కేసు నడుస్తుండగానే ఇంజన్ మీకు ఇప్పిస్తాను. ఎవరికీ టీ కూడా ఇప్పించక్కర్లేదు" అన్నాను.

ఆయన భార్య వంక చూశాడు. ఆవిడ, "మీ నాన్నగారు ఏ ఊరి పంతులు?" అని అడిగింది. చెప్పాను. ఖాళీ మజ్జిగ గ్లాసు అందుకుని, "వెళ్ళిరా. నారు పోసే వేళకి ఇంజన్ లేకపోతే పై ఏడు కూడా ఇంతే" అని భర్తతో అంది. సోమవారం వస్తానన్నాడాయన. సైకిల్ మీద తిరిగొస్తూ ఈల వేశాను. యూనిఫారం లేకుండా గెలిచిన మొదటి గెలుపు ఇదే అనుకున్నాను.

సోమవారం పొద్దున్నే వైర్‌లెస్‌లో కబురు. బాపట్లకు మంత్రిగారు వస్తున్నారు, బందోబస్తుకు ఎస్సైలంతా వెంటనే బయల్దేరాలి. మరోమాటకు తావులేదు. వెళ్ళేముందు రైటర్‌ని పిలిచి కూర్చోబెట్టి మరీ చెప్పాను. "ఆయన వస్తాడు. కుర్చీ వేయండి. ఇంజన్ చూపించండి, స్టేట్‌మెంట్ రాసుకోండి, పంపించేయండి. ఏమీ అడక్కండి. కాగితాల కట్ట మీ బల్ల మీదే ఉంది."

"అయ్యో, దానికేముంది సార్, నేను చూసుకుంటానుగా" అన్నాడు రైటర్.

బాపట్లలో మిట్టమధ్యాహ్నం ఎండలో రోడ్డు పక్కన నిలబడ్డాను. మంత్రిగారి కారు ఆగకుండానే వెళ్ళిపోయింది. సాయంత్రానికి స్టేషన్ చేరుకున్నాను. రైటర్ ఎదురొచ్చాడు. చేతిలో కాగితం.

"సార్, మీ రైతు వచ్చాడండి. స్టేట్‌మెంట్ తీసుకున్నా. ఇంజన్ అతనిది కాదంటండి."

నాకు అర్థం కాలేదు. "కాదంట అంటే?"

"కాదనే చెప్పాడండి. సంతకం కూడా పెట్టాడు. చూడండి."

అదే ముత్యాల దస్తూరి. ఒక్క కొట్టివేత లేదు. రైతు చెప్పినట్టుగా రాసి ఉంది: నేను చూసిన ఇంజన్ నాది కాదు, నాకు ఎప్పుడూ ఇంజన్ లేదు, ఎవరి బలవంతం లేకుండా ఈ వాంగ్మూలం ఇస్తున్నాను. కింద వంకరటింకర సంతకం.

ఏం జరిగిందో తర్వాత సెంట్రీ కానిస్టేబుల్‌ని నిలదీస్తే తెలిసింది. రైతు పొద్దున బస్సుకే వచ్చాడు. శుభ్రంగా ఉతికిన చొక్కా వేసుకుని, ఎస్సైగారు రమ్మన్నారని చెప్పాడు. ఎస్సైగారు లేరు, కూర్చో అన్నారు. కుర్చీ వేయలేదు, అరుగు మీద కూర్చున్నాడు. రైటర్ అలవాటు కొద్దీ తెల్లకాగితాలు తెమ్మన్నాడు. తెచ్చాడు. ఎవరో టీలు చెప్పమన్నారు. చెప్పాడు. నేను వద్దన్న రెండూ అప్పటికే అయిపోయాయి. అప్పుడు రైటర్ కలం తీసి మొదటి ప్రశ్న అడిగాడు. "ఇంజన్ కొన్న రసీదు ఏదీ?"

"ఎప్పుడో కొన్నదండి, లేదండి."

"రసీదు లేకుండా నీదని ఎలా నమ్మమంటావు? దొంగల దగ్గర కొన్నావేమో, మాకేం తెలుసు?"

రైటర్ ఆ మాట దురుద్దేశంతో అనలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను అదే అనుకుంటున్నాను. దొరికిన వస్తువు తనదని చెప్పుకునే ప్రతి ఒక్కరినీ అదే అడిగేవాడు. అడగ్గా అడగ్గా అది ఆయన నోటికి నమస్కారంలాగా అలవాటైపోయింది. అది వినగానే అవతలివాడు జేబు తడుముకుంటాడని ఆయనకు తెలుసు, అది కూడా అలవాటే. కానీ ఆ రైతుకు వినబడింది బావమరిది కథ. అదే మాట, ఒక్క అక్షరం మారకుండా. లేచి నిలబడ్డాడట. "తప్పయిపోయిందండి, పొరపాటు పడ్డానండి, అది నాది కాదండి" అన్నాడట. రైటర్‌కి పని తేలికైంది. రాసిచ్చాడు, సంతకం పెట్టించుకున్నాడు, పంపించేశాడు. రైతు మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయాడు. నేనిచ్చిన మాటల్లో నిలబడింది ఆ బస్సు ఒక్కటే.

నేను ఆరోజు రైటర్ మీద అరిచిన అరుపులకి వేపచెట్టు మీది కాకులు లేచిపోయాయి. ఆయన చేతులు కట్టుకుని నిలబడి, అంతా విని, నిజంగా బాధపడుతూ, "నేనేం అడిగాను సార్? అడగాల్సిందే కదా అడిగాను!" అన్నాడు. ఆయనతో ఏం మాట్లాడతాం? ఆయన మీద రిపోర్టు రాసి సీఐ గారికి పంపాను. సీఐ గారు నన్ను పిలిపించి, రిపోర్టు బల్ల సొరుగులో పడేసి, "ఏమయ్యా, నువ్వు తీసుకోకపోతే నీ ఇష్టం. ఎవరూ బలవంతం చెయ్యరు. కానీ స్టేషన్ నడవాలి కదా. ఆ రైతుకి నాలుగు తగిలించి నాదే అనిపించలేకపోయావా? కేసు నిలబడేది" అన్నారు. ఇంజన్ తనది కాబట్టి తనదని చెప్పించడానికి రైతుని కొట్టాలన్నమాట.

మర్నాడు ఆ ఇంటికి వెళ్ళాను. పచ్చ తలుపు మూసి ఉంది. చాలాసేపు పిలిచాక ఆయన బయటికొచ్చాడు. కోప్పడతాడేమో, పడితే బాగుండుననుకున్నాను. కోపం లేదు. నాకు నచ్చజెప్పడం మొదలుపెట్టాడు.

"మీరు బాధపడకండి సార్. మీరు మంచోరేనండి. మా ఆవిడ కూడా అదే అంది."

"మరి నేను చెబుతున్నాను కదండీ, ఇంకొక్కసారి రండి. ఈసారి నేను దగ్గరుంటాను."

"ఎన్నాళ్ళుంటారండీ?"

ఆ లెక్క కూడా ఆయనే చెప్పాడు.

"మీకు ట్రాన్స్‌ఫర్ అవుద్దండి. ఆ రైటర్ గారు మాత్రం ఇక్కడే ఉంటారు. మేం కూడా ఇక్కడే ఉంటాం. మా గొడవలు మావి. మీరు ఎండలో రాకండి" అని తలుపు దగ్గరికి వేసుకున్నాడు. విసురుగా కాదు, చప్పుడు కాకుండా.

దొంగల మీద కేసు ఏమైందో మీరు ఊహించగలరు. ఐదు ఇంజన్లకు ఒక్క సొంతదారుడూ లేడు. పోగొట్టుకున్నవాడు లేనప్పుడు దొంగతనమెక్కడిదని వాళ్ళ వకీలు అడిగాడు. సరైన ప్రశ్నే. మేజిస్ట్రేటు గారు నా వంక జాలిగా చూసి కేసు కొట్టేశారు. దొంగలిద్దరూ కోర్టు మెట్లు దిగుతూ నాకు నమస్కారం పెట్టారు. ఆ నమస్కారంలో ఎగతాళి కూడా లేదు, అదే నాకు ఎక్కువ మండింది. సొంతదారులు లేని ఇంజన్లు మాత్రం కోర్టువారి స్వాధీనంలో, మా వేపచెట్టు కింద సైకిళ్ళ పక్కన చేరాయి.

రైతు చెప్పినట్టే నాకు ట్రాన్స్‌ఫర్ అయింది. బాపట్లలో కాగితాలు చూసే ఒక పోస్టు. వెళ్ళేరోజు వీడ్కోలు సభ ఏర్పాటు చేసింది ఎవరనుకున్నారు? రైటరే. దండ వేసి, "ఇలాంటి ఆఫీసరు నా సర్వీసులో లేరు" అని మాట్లాడుతూ కళ్ళు తుడుచుకున్నాడు. అందరికీ మిఠాయి పంచాడు. ఆ మిఠాయి ఎవరి చేత తెప్పించాడో నేను అడగలేదు, అది నోట్లో పెట్టుకోనూ లేదు.

మీలో కొందరు, నేను నిజాయితీగా ఉంటే చాలు, జనం వాళ్ళంతట వాళ్ళే నమ్ముతారు అంటుంటారు. నేనూ అలాగే అనేవాణ్ణి. జనం మీ ఒక్కరి ముఖం చూసి నమ్మరు, ఎందుకంటే వాళ్ళు స్టేషన్‌కి వచ్చినరోజు మీరు బందోబస్తులో ఉంటారు. అరుగు మీద కూర్చోమన్నవాడు, కాగితం తెమ్మన్నవాడు, రసీదేదని అడిగినవాడు, వాళ్ళకు పోలీసంటే ఆ ముగ్గురే. వాళ్ళను మార్చడం మీ చేతిలో ఉందా అంటే, నాకు తెలియదు. నా చేతిలో ఉండలేదు. మీకు చేతనైతే చెయ్యండి, నాకు ఉత్తరం రాయండి.

బాపట్ల వెళ్ళిన తర్వాత, రెండేళ్ళకేమో, ఒక పాత కేసులో సాక్ష్యం చెప్పడానికి మళ్ళీ ఆ కోర్టుకి రావాల్సివచ్చింది. నా పిలుపు ఆలస్యం అవుతుందంటే చెట్టు నీడకి వెళ్ళాను. కోర్టు ఆవరణలో ఓ మూల జనం మూగి ఉన్నారు. సొంతదారులు రాని సొత్తుని గవర్నమెంటు వేలం వేస్తోంది. సైకిళ్ళు, పాత మోటార్లు, వాటి పక్కన మా ఇంజన్లు. పాత ఇనుము వ్యాపారులు వేలం పాడుతున్నారు. వాళ్ళ మధ్య ఉతికిన చొక్కాతో నిలబడి, గొంతు పెంచి పాట పాడుతున్నాడు నా రైతు.

ఇనుము వ్యాపారి పెంచాడు. ఈయన పెంచాడు. వ్యాపారి మళ్ళీ పెంచి, ఆ తుప్పు ముద్ద మీద ఈ ముసలాయనకి ఇంత మోజేంటో తెలియక, నవ్వి వదిలేశాడు. కోర్టు గుమస్తా రసీదు రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. రైతు దాన్ని రెండుసార్లు చదువుకుని, మడతపెట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బనీను లోపలికి దోపుకున్నాడు. నేను దగ్గరికి వెళ్ళాను.

"బాగున్నారా సార్? బాపట్లలో ఉంటున్నారంట గదా" అన్నాడు, తప్పించుకోకుండానే.

"ఇంజన్ కొన్నారా?"

"కొన్నానండి."

"మీదే కదండీ అది."

చుట్టూ చూశాడు. "ఇప్పుడు నాదేనండి" అన్నాడు.

నాకు ఓపిక నశించింది. "ఆరోజు ఆ ముక్క చెబితే ఊరికే వచ్చేది కదండీ! రెండేళ్ళు పంట పోగొట్టుకుని, మీ వస్తువుకే డబ్బు కట్టి..."

"ఊరికే వచ్చేది కాదండి" అన్నాడు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "అప్పుడు తీసుకుంటే ఇంక ఎప్పటికీ ఇస్తూనే ఉండాలండి. వాయిదాకి రమ్మంటారు. ఇంకెక్కడో ఇంజన్ పోతే నన్నే పిలుస్తారు. ఇదయితే ఒక్కసారితో సరి. రసీదుంది, గవర్నమెంటు ముద్రుంది. రేపు ఎవరన్నా అడిగితే చూపిస్తానండి."

రసీదేదని అడిగారు, తెచ్చుకున్నాడు. బండి తోలుకొచ్చినవాడూ ఆయనా కలిసి ఇంజన్‌ని బండి మీదికి ఎక్కించారు. నేనూ ఒక చెయ్యి వేశాను. వద్దంటున్నా వేశాను. బండి గేటు దాకా వెళ్ళింది. అక్కడ సొత్తుకి కాపలాగా వచ్చిన కానిస్టేబుల్, మా పాత స్టేషన్‌వాడే, ఎద్దు పగ్గం మీద చెయ్యి వేశాడు. నన్ను చూడలేదు.

"ఏంటి పెద్దాయనా, ఊరికే వెళ్ళిపోతావా? ఇన్నాళ్ళూ నీ ఇంజన్‌కి కాపలా కాశాం" అన్నాడు.

రైతు క్షణం కూడా ఆగలేదు. చొక్కా జేబులో విడిగా మడిచి పెట్టుకున్న నోటు తీసి అతని చేతిలో పెట్టాడు. దాన్ని ఇంటి దగ్గరే విడిగా పెట్టుకుని వచ్చాడు!

నేను పరుగెత్తినట్టే వెళ్ళాను. ఏమన్నానో గుర్తులేదు, పెద్దగానే అన్నాను. కోర్టు జనమంతా తిరిగి చూశారు. కానిస్టేబుల్ గబుక్కున నోటు తిరిగి ఇచ్చేసి, సెల్యూట్ కొట్టి, పక్కకు జరిగాడు. "వెళ్ళండి. ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు" అన్నాను రైతుతో. ఆయన ముఖంలో సంతోషం వెతికాను. ఆయన నోటు పట్టుకుని నా వంక చూస్తున్నాడు. అన్నాళ్ళలో మొదటిసారి ఆయనకు నా మీద కోపం వచ్చింది.

"ఏంటి సార్ ఇది? మీరు సాయంత్రం బాపట్ల వెళ్ళిపోతారు. ఆయన మా ఊరికి గస్తీకొచ్చే బీటు కానిస్టేబులండి" అన్నాడు గొంతు తగ్గించి.

బండి కదిలింది. నేను కోర్టు మెట్లెక్కి వెనక్కి తిరిగి చూశాను. బండి మలుపు దగ్గర ఆగింది. రైతు దిగి, టీకొట్టు పక్క నుంచి తిరిగొచ్చి, గేటు దగ్గర కానిస్టేబుల్‌ని పట్టుకున్నాడు. కానిస్టేబుల్ నేనున్న వైపు బెదురుగా చూస్తూ, వద్దు వద్దని వెనక్కి జరుగుతున్నాడు. రైతు వదలడం లేదు. "తీసుకోండి బాబూ, ఏమీ అనుకోకుండా తీసుకోండి" అని రెండు చేతులూ పట్టుకుని బతిమాలుతున్నాడు. లోపల బంట్రోతు నా పేరు పిలుస్తున్నాడు. మూడోసారి పిలిచాక వెళ్ళాను.